వడపళనిలో వెలసిన పాతాళగుహ

పండుగపూట మన సంఘం హాలులో నలుగురు పెద్దలు కలుసుకున్నారంటే, మాటలు ఎక్కడ మొదలైనా కాసేపటికి పాత జానపద చిత్రాల మీదికి మళ్లవలసిందే. తోటరాముడు పాతాళభైరవిని సాధించిన ఘట్టమూ, ఘటోత్కచుడు పెళ్లివారి విందంతా ఒక్కడే ఆరగించిన ఘట్టమూ చెప్పుకుంటూ వుంటే పిల్లలు కూడా ఆటలు మాని వచ్చి కూర్చుంటారు. మొన్న అటువంటి సమయంలో ఒక కుర్రవాడు, "ఆ పాతాళగుహ ఏ వూళ్లో వుందండీ? సెలవులలో వెళ్లి చూద్దామా?" అని అడిగాడు. పెద్దలు నవ్వారు. మేమూ నవ్వాము. ఇంటికి వచ్చిన తరువాత ఆలోచిస్తే అది నవ్వవలసిన ప్రశ్న కాదని తోచింది. ఆ గుహ వెలసిన చోటు మనం కాపురముంటున్న ఈ చెన్నపట్నంలోనే వున్నది. వడపళనికి బస్సెక్కి వెళ్లవచ్చు. అయితే అక్కడ ఇప్పుడు గుహ లేదు. దానిని కట్టిన స్టూడియో కూడా లేదు.

ఆ గుహను కట్టిన చేతులు ఎవరివి? ఎట్లా కట్టారు? తరువాత అదేమయింది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదుకుతూ పోతే, అది మనవంటి వలసవచ్చిన కుటుంబాల చరిత్రలోకే వచ్చి కలిసింది. అందుకే ఈ ఉగాది సంచికలో దానిని గురించి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము.

తెరకు ముందు రంగస్థలం

మన జానపద చిత్రాలలోని వింతలు సినిమాతో పుట్టినవి కావు. అంతకు ముందే నాటకాల పందిళ్లలో వుండేవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి ఆధ్వర్యాన కీచకవధ నాటకం ఆడారు. సురభి నాటకసమాజానికి అది ప్రారంభం. వీరి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వలసవచ్చిన ఆరె మరాఠీలు, కులవృత్తి తోలుబొమ్మలాట. వచ్చిన దేశపు భాష నేర్చుకుని, ఆ భాషలోనే తరతరాలుగా నాటకాలాడి తెలుగువారి మెప్పు పొందారు.

సురభివారి నాటకం చూసినవారికి మేము వేరే చెప్పనక్కరలేదు. రెండు వైపుల నుంచి వచ్చిన బాణాలు నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలుస్తాయి. నారదులవారు మేఘాలలోంచి దిగివస్తారు. కనురెప్ప వేసి తీసేలోగా అరణ్యం పోయి అంతఃపురం వస్తుంది. బాణం నడిచేది కంటికి కనపడని సన్నని తీగమీద. నారదులవారిని దించేది పైన దూలానికి కట్టిన కప్పీ. అరణ్యమూ అంతఃపురమూ పైకి చుట్టుకునే రంగుతెరలు. ఈ విద్యకు వారికి పుస్తకాలు లేవు. తండ్రి తీగ లాగుతూ వుంటే పక్కన నిలబడి చూసిన కొడుకు రేపు తానే లాగుతాడు. మాయాబజారు, పాతాళభైరవి వారి నాటకాలలోనూ పేరుపొందినవే.

మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో వచ్చింది. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వం. దానికి ఆధారం సురభివారి నాటకమే. లీలావతి వేషం సురభి కమలాబాయిగారిది. చిత్రం తీసింది బొంబాయిలో. అంటే మన భాష మొట్టమొదట తెరమీద పలికింది ప్రవాసంలో అన్నమాట! మహారాష్ట్ర నుంచి వలసవచ్చిన కుటుంబంలోని ఆడపడుచు తిరిగి ఆ మహారాష్ట్రకే వెళ్లి, తెలుగులో మాట్లాడి వచ్చింది.

చెన్నపట్నంలో కొలువు

తరువాతి కాలంలో తెలుగు చిత్రాలకు చెన్నపట్నమే పట్టుగొమ్మ అయింది. 1949లో వచ్చిన కీలుగుర్రం జానపద చిత్రాలకు మంచి గిరాకీ వున్నదని చూపింది. 1951 మార్చి 15వ తేదీన విజయావారి పాతాళభైరవి విడుదలయింది. వడపళనిలోని వాహినీ స్టూడియోను నాగిరెడ్డిగారు తీసుకుని నడుపుతున్న రోజులవి. తరువాత అదే విజయా వాహినీ అయి, ఆసియా ఖండంలోకెల్లా పెద్ద స్టూడియోలలో ఒకటిగా పేరు తెచ్చుకున్నది.

ఆ చిత్రం వెనుక వున్నవారిని ఒక్కసారి వరుసగా చూడండి. నిర్మాతలలో నాగిరెడ్డిగారిది కడప జిల్లా, చక్రపాణిగారిది తెనాలి. దర్శకులు కె.వి. రెడ్డిగారిది అనంతపురం జిల్లా తాడిపత్రి. మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు బందరులో చదువుకుని, కొంతకాలం ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగం చేసినవారు. రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునే మావంటివారికి ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేము. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లేగారు ఏర్కాడులో పుట్టిన ఆంగ్లో ఇండియను. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు. గోఖలేగారు చిత్రకారులే కాక మంచి కథకులు కూడాను. ఇక రంపం పట్టినవారు, సున్నం కలిపినవారు, దీపాలు మోసినవారు తమిళులూ, తెలుగువారూ, మలయాళీలూ కలిసి వుండేవారు. ఉజ్జయిని రాజ్యాన్ని కట్టడానికి ఇన్ని వూళ్లవారు పరాయి వూళ్లో కలుసుకున్నారు. ఆ చిత్రాన్ని తెలుగుతోబాటు తమిళంలోనూ తీశారు. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోనూ దానిని ప్రదర్శించారు.

రాయి కాని రాయి

మన సంఘంలో ఒక తాతగారున్నారు. చిన్నతనాన స్టూడియో మోల్డింగు శాఖలో చేరి చాలా కాలం పనిచేశారు. ఆయనను అడిగి తెలుసుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. "తాతగారూ, మీ పేరు వేయమంటారా?" అంటే, "వద్దు నాయనా. నా ఒక్కడి పేరు వేస్తే తక్కినవాళ్లకు కోపం రాదూ?" అన్నారు.

ముందు కళాదర్శకుడు కాగితంమీద బొమ్మ వేస్తాడు. తరువాత కొలతలతో పటం గీస్తారు. వడ్రంగులు సన్నని కొయ్యపట్టీలతో చట్రాలు కడతారు. చట్రంమీద పల్చని చెక్క గాని, గోనెపట్టా గాని బిగిస్తారు. అది గోడ. వెనుకనుంచి చూస్తే వెదురు బొంగులూ, కొయ్య ఊతలూ, మేకులూ తప్ప మరేమీ కనపడవు. రాజుగారి సభకు మూడు గోడలు చాలు. నాలుగో గోడ వుండవలసిన చోట కెమెరా వుంటుంది.

స్తంభాలు, విగ్రహాలు, సింహద్వారాలు మోల్డింగు శాఖవారి పని. మొదట బంకమట్టితో అసలు రూపం చేస్తారు. దానిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టరు పోసి, బలానికి కొబ్బరిపీచు కలిపి, పోత పోస్తారు. ఒక్క అచ్చు వుంటే యాభై స్తంభాలు దిగుతాయి. ప్లాస్టరు కలిపిన తరువాత కొద్ది నిమిషాలలోనే గట్టిపడుతుంది. చేయి ఆలస్యమయితే గంగాళంలోనే రాయి అయి కూర్చుంటుంది. "మాకు ముహూర్తమంటే అదే" అన్నారు తాతగారు నవ్వుతూ.

ఆయుధాల సంగతి మరీ విచిత్రం. భీముడి గద కాగితపు గుజ్జుతో చేసింది. లోపల డొల్ల. పసిపిల్ల కూడా ఎత్తగలదు. దానిని బరువుగా ఎత్తుతున్నట్టు చూపడం నటుడి పని. యుద్ధంలో వెనుక వరుసలవారికి అట్టకత్తులూ చెక్కకత్తులూ ఇస్తారు. కెమెరాకు దగ్గరగా వుండే నాయకుడి చేతిలో మాత్రం మెరిసే లోహపు కత్తి వుంటుంది. విరిగిపోవలసిన స్తంభాన్ని ముందే కోసి, ముక్కలుగా పేర్చి, కోత కనపడకుండా పైన పూత పూస్తారు.

రంగులు వేయడంలోనూ ఒక రహస్యం వున్నది. నలుపు తెలుపు చిత్రాలలో తెరమీద పడేవి బూడిదవన్నె ఛాయలే. కంటికి వేరుగా కనిపించే రెండు రంగులు ఫిల్ముమీద ఒకే ఛాయగా పడవచ్చు. అచ్చమైన తెలుపు దీపాల వెలుగుకు కళ్లు చెదిరేటట్టు మెరుస్తుంది; అందువల్ల తెల్లగోడకు కొంచెం మసక రంగు కలుపుతారు. ఫిల్ముమీద ఎట్లా పడుతుందో ఎరిగి రంగు వేయాలి గాని, కంటికి ఇంపుగా వున్నదని వేస్తే కుదరదు. మాయాబజారు చిత్రానికి 2010లో యంత్రసహాయంతో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. చూడముచ్చటగానే వున్నది. కాని ఆ సెట్టింగులకు నాడు ఏ రంగులు వేశారో పరిశీలించుకోవడానికి ఆ గోడలలో ఒక్కటీ మిగిలి లేదు గదా!

కెమెరా చేసిన మాయ

కట్టడం సగం పని. తక్కిన సగం కెమెరాది. సెకనుకు 24 బొమ్మల చొప్పున తీసి, అదే వేగంతో తెరమీద చూపితే మనకు సహజమైన కదలిక కనిపిస్తుంది. ఈ ఒక్క లెక్కలోనే వింతలన్నీ వున్నాయి.

మాంత్రికుడు మాయమవ్వాలి. కెమెరాను ఆపుతారు. తక్కిన నటులు శిలలవలె నిలబడతారు. మాంత్రికుడు పక్కకు తప్పుకుంటాడు. కెమెరా మళ్లీ తిరుగుతుంది. తెరమీద రెప్పపాటులో మనిషి లేడు. ఫ్రాన్సు దేశంలో మెలియే అనే గారడీవాడు 1896 ప్రాంతంలోనే ఈ ఉపాయాన్ని చిత్రాలలో వాడాడు. మనదేశంలో 1913లో రాజా హరిశ్చంద్ర తీసిన ఫాల్కేగారు కూడా అంతకుముందు గారడీవిద్య అభ్యసించినవారే.

వస్తువులు తమంతట తాము కదలాలంటే సన్నని తీగ కట్టి లాగుతారు. తీగ మెరవకుండా వెనుక తెర రంగే దానికీ పూస్తారు. లేదా పనిని తలకిందులుగా చేసి, ఫిల్మును వెనక్కు నడుపుతారు. పరిచిన తివాసీ చుట్టుకుపోవడం చిత్రించి వెనక్కు నడిపితే, చుట్టిన తివాసీ తనంతట పరుచుకుంటుంది. మాయాబజారులోని గింబళినీ గిల్పాన్నీ చూసి నవ్వుకున్నవారు ఈసారి ఈ సంగతి గుర్తుంచుకుని చూడండి.

ఒకే మనిషి ఇద్దరుగా కనిపించాలంటే కెమెరా ముందు సగభాగానికి నల్లని అట్ట అడ్డుపెడతారు. ఒకవైపు చిత్రించి, ఫిల్మును మొదటికి తిప్పి, రెండోవైపు చిత్రిస్తారు. ఈ రెండింటి నడుమ కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యన గీత కనపడి అంతా పాడవుతుంది. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో రామారావుగారు ఒకే దృశ్యంలో అయిదుగురుగా కనపడి, పాడేవారూ వాయించేవారూ తామే అవుతారు. అది బార్ట్లేగారి నేర్పు. అదే సంవత్సరం వచ్చిన సీతారామకల్యాణంలో రావణుని పది తలలను చూపినవారు, ఉత్తరాది నుంచి వచ్చిన రవికాంత్ నగాయిచ్ గారు. ఒక్క ఫిల్ముమీదనే పలుమారులు బొమ్మ పట్టవలసిన పని అది. తొమ్మిది సార్లు సరిగా వచ్చి పదోసారి తప్పితే తొమ్మిదీ వృథా.

నగరాలను చూపడానికి చిన్న నమూనాలు చేస్తారు. మాయాబజారులోని ద్వారకానగరాన్ని 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో సుమారు 300 బొమ్మ ఇళ్లతో, విద్యుద్దీపాలతో గోఖలే, కళాధర్ గార్ల పర్యవేక్షణలో నిర్మించారు. ఇటువంటి నమూనాలు కూలిపోవలసి వచ్చినప్పుడు ఒక చిక్కు వున్నది. 16 అడుగుల ఎత్తునుంచి పడే రాయికి ఒక సెకను పడుతుంది. ఒక అడుగు ఎత్తునుంచి పడే రాయి పావు సెకనులో నేలకు తాకుతుంది. కాబట్టి అడుగు ఎత్తు కోటను 16 అడుగుల కోటగా చూపాలంటే, కెమెరాను నాలుగు రెట్లు వేగంగా, అంటే సెకనుకు 96 బొమ్మల చొప్పున తిప్పాలి. మామూలు వేగంతో తెరమీద వేసినప్పుడు బొమ్మకోట నిజమైన కోటవలె నిదానంగా కూలుతుంది. నిప్పుకూ నీటికీ మాత్రం ఈ లెక్క పూర్తిగా సరిపోదు. నీటిబొట్టును చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు. పాత చిత్రాలలో తుఫానులో ఓడ బొమ్మ ఓడగా పట్టుబడేది అక్కడే.

ఇవన్నీ ఒక ఎత్తు, మాయాబజారులోని వెన్నెల ఒక ఎత్తు. పడవలో షికారు వెళ్లే జంటలమీద కాసిన ఆ వెన్నెల బార్ట్లేగారు దీపాలతోనూ కెమెరాతోనూ సృష్టించినది. అరవై ఏళ్లు దాటినా అది మసకబారలేదు.

కొద్ది డబ్బుతో పెద్ద వింత

విజయావారికి ధనబలం వున్నది. అది లేనివారి మాటేమిటి? ఉడిపి దగ్గర ఉద్యావరలో పుట్టిన కన్నడిగులు బి. విఠలాచార్యగారు 1950ల చివరినుంచి తెలుగు జానపద చిత్రాలు తీసి, జానపద బ్రహ్మ అనిపించుకున్నారు. బందిపోటు 1963లో, అగ్గిపిడుగు 1964లో, జ్వాలాద్వీప రహస్యం 1965లో, గండికోట రహస్యం 1969లో వచ్చాయి. ఆయన పొదుపు పేరెన్నికగన్నది. ఒక సెట్టింగును కూలదోయడానికి ముందు తెరలు మార్చి, స్తంభాల చోటు మార్చి, మరో రాజ్యంగా చూపించేవారట. నటుడు కాల్షీటు ఇవ్వకపోతే, శాపం తగిలించి ఆ పాత్రను చిలుకగానో మేకగానో మార్చి కథ నడిపేవారని సినిమావారు ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వులాట మాట ఎట్లా వున్నా, నెలజీతాలమీద సంసారాలు ఈదే మనకు ఆయన మీద ప్రత్యేకమైన గౌరవం వుండవలసిందే. వున్నదానితోనే పండుగ చేసి చూపడం మన ఇంటి ఇల్లాళ్లు ఎరిగిన విద్యే గదా!

కూలిన కోటలు

ఇక మూడో ప్రశ్న. ఆ గుహ ఏమయింది? చిత్రీకరణ పూర్తి అయిన మర్నాడే ఫ్లోరు మరొకరికి ఇవ్వాలి. కొయ్యపట్టీలను వూడదీసి మరో సెట్టింగుకు వాడతారు. మేకులను వంకరలు తీసి డబ్బాలో వేస్తారు. ప్లాస్టరు మాత్రం రెండోసారికి పనికిరాదు. పగలగొట్టి బండిమీద తోలేస్తారు. నెలరోజులు చెక్కిన దేవత ఒక్క పూటలో పిండి అవుతుంది. "ఏడుపు రాలేదా తాతగారూ?" అంటే, "మొదటిసారి వచ్చింది. రెండోసారికి కొత్త అచ్చు చేతిలో వుంది" అన్నారాయన.

1970ల నుంచి తెలుగు చిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలిపోయింది. అది సహజమే, తెలుగు చిత్రం తెలుగు గడ్డమీద తయారు కావలసిందే. తారలు వెళ్లారు, నిర్మాతలు వెళ్లారు. ఇక్కడ ఇల్లు కట్టుకుని, పిల్లలను ఇక్కడి బడులలో వేసిన పనివారు చాలామంది వెళ్లలేకపోయారు. విజయా వాహినీ స్థలంలో ఇప్పుడు ఆస్పత్రీ, పెద్ద అంగళ్ల భవనమూ వున్నాయి. ఒకప్పుడు సినిమా పెట్టెలు రైలు పార్సిలులో బెజవాడకు వెళ్తూ వుండేవని మా ఆఫీసులోని పాత ఉద్యోగులు చెబుతారు. ఇప్పుడు పెట్టెలూ లేవు, ఫిల్మూ లేదు. బొమ్మ ఆకాశమార్గాన వచ్చి తెరమీద పడుతున్నది.

వింతలు చేయడమూ మారింది. 2015లో వచ్చిన బాహుబలికి రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతిని కట్టారు. కళాదర్శకులు సాబు సిరిల్ గారు తమిళనాట వాల్పారైలో పుట్టిన మలయాళీ. కట్టినంత మేర కట్టి, పైభాగాన్ని కంప్యూటరులో పెంచారు. పరికరం మారినా, తెలుగు రాజ్యాన్ని కట్టడానికి నలుగురు కలవడం మాత్రం మారలేదు.

వలస వచ్చినవారి తెలుగు పలచబడుతుందని స్వస్థలం వెళ్లినప్పుడు బంధువులు పరిహాసమాడడం మనలో చాలామందికి అనుభవమే. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మన పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదు. అయితే తెలుగువారందరూ తమదని చెప్పుకునే ఉజ్జయినీ, ద్వారకా వెలసింది ఈ వడపళనిలోనే. వాటిని కట్టినవారు సాయంత్రం ఇంటికి వచ్చి, మన వీధులలోనే కాపురాలు చేశారు. తారల పేర్లు మనవారికి కంఠతా వచ్చు. అచ్చు పోసినవారి పేర్లు చాలామందికి తెలియవు. ఆ పనిచేసినవారిలో మిగిలినవారు ఇప్పుడు ఎనభైల వయసులో వున్నారు. వారు చెప్పగా వ్రాసుకోకపోతే, ఆ విద్య కూడా ప్లాస్టరువలె బండికెక్కిపోతుంది.

కనుక మన సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో గాని, మీ పక్కింట్లో గాని స్టూడియోలలో వడ్రంగం, మోల్డింగు, రంగులు, దీపాలు, దుస్తుల పని చేసిన పెద్దలుంటే, వారి దగ్గర కూర్చుని అడగండి. పాత ఫొటో గాని, పని చీటీ గాని వుంటే పారవేయకండి. ఫోనులో వారి మాటలు పట్టుకోండి. తెలుగు వ్రాయడం రాని పిల్లలు కూడా ఈ పని చేయగలరు. సంఘం బీరువాలో ఒక అర వీటికోసం ఖాళీచేసి వుంచమని కార్యదర్శిగారిని కోరాము, వారు సమ్మతించారు. వచ్చే ఉగాది సంచికలో ఆ పేర్లను వరుసగా అచ్చువేద్దాము. అప్పుడు తాతగారికి కూడా అభ్యంతరం వుండదు.

గుహ ఏ వూళ్లో వున్నదని అడిగిన కుర్రవాడిని వచ్చే ఆదివారం తాతగారింటికి తీసుకువెళ్తామని మాట ఇచ్చాము. బంకమట్టి తెచ్చి పెట్టుకోమని ఆయన ఇప్పటికే కబురు చేశారు.